కాలి సంచులు

తొంభైల్లో ఒకసారి మా ఆడబిడ్డకు కడుపులో గడ్డ తీశారు. ఆమెను చూడటానికి ఖమ్మంలో ఒక ఆస్పత్రికి వెళ్లాను. గది ముందర చెక్కపెట్టెలో ఆకుపచ్చ గుడ్డతో కుట్టిన కాలి తొడుగులు కుప్పగా పడేసి ఉన్నాయి. చెప్పులు విప్పి అవి వేసుకుని లోపలికి రమ్మని నర్సు చెప్పింది. నేను ఒకటి తీసి, తిరగేసి, మడమ దగ్గర కుట్టు పొడవునా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాను. తర్వాత రెండోది కూడా అలాగే చూశాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. ఏం వెతుకుతున్నావమ్మా అని నర్సు నవ్వింది. కుట్టు ఎలా ఉందో చూస్తున్నానన్నాను. కుట్టు నిజంగానే దరిద్రంగా ఉంది, ఆ మాట కూడా అనేశాను. నా నోరు అంతే.

నేనూ అలాంటివి కొన్నేళ్లపాటు కుట్టాను. ఆస్పత్రుల కోసం మాత్రం కాదు. డెబ్భైల చివర్లో పెళ్లయి మధిర నుంచి నేను కాపురానికి వచ్చింది కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోటికి. అక్కడ ఒక రాతి క్వారీ ఉండేది. క్వారీకి దూరంగా, చెట్లు కొట్టేసిన ఖాళీ జాగాలో, చుట్టూ మట్టికట్ట, ముళ్లకంచె వేసి ఒక చిన్న గది కట్టారు. రాయిని పేల్చే మందుసామాను అందులో దాచేవాళ్లు. మందుపొడి పెట్టెలు, తూటాలు అందులో. మందును అంటించి పేల్చే క్యాపులకు పక్కనే వేరే గది. అందరూ దాన్ని మందుగది అనేవాళ్లు. మా ఆయన ఆ మందుగదికి ఇన్‌ఛార్జి.

ఈ సంగతి పెళ్లిచూపుల్లో మాకు చెప్పలేదు. క్వారీలో స్టోరు చూసుకుంటాడన్నారు. స్టోరంటే బియ్యం బస్తాలో, పనిముట్లో అనుకున్నాం మేము. నేను కాపురానికొచ్చిన వారానికి తెలిసింది ఆ స్టోరులో ఏముంటుందో. ఆ రోజు ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఆయన అంతా విని, నేను జాగ్రత్తగానే ఉంటాను అన్నాడు. జాగ్రత్త అన్న మాట ఆయనకు ఊతపదం. పాలు కాచేటప్పుడు కూడా నాకు జాగ్రత్తలు చెప్పేవాడు.

మందుగదికి ఉన్న రూల్స్‌లో మొదటిది ఇనుము రాకూడదు. అగ్గిపెట్టె, బీడీ సంగతి సరే, అది ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఇనుము సిమెంటు మీదో, రాయి మీదో గీసుకుంటే నిప్పురవ్వ లేస్తుంది. పెట్టెల సందుల్లోంచి రాలిన మందుపొడి నేల మీద కంటికి కనపడకుండా ఉంటుంది. ఆ రవ్వ చాలు దానికి. అందుకని పెట్టెలు తెరవడానికి ఇత్తడి ఉలి, కొయ్య సుత్తి వాడేవాళ్లు. బెల్టు బకిలు, తాళంచెవుల గుత్తి, జేబులో చాకు, అన్నీ కంచె బయటే వదిలేయాలి. మేకులు కొట్టిన బూట్లు, చెప్పులు విప్పేసి, కాళ్లకు తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లాలి. పాతకాలంలో కోటల్లో మందు దాచే గదుల్లోకి కూడా ఇలాగే మేకుల బూట్లు రానిచ్చేవాళ్లు కాదట, గుడ్డ తొడుగులో మెత్తటి చెప్పులో ఇచ్చేవాళ్లట. ట్రైనింగులో విన్న ఈ ముచ్చట ఆయన వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. కోటల సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహంలో కాస్త దర్జా కనిపించేది.

మొదట్లో కంపెనీ రబ్బరు తొడుగులు తెప్పించింది. అవి ఒక వానాకాలం కూడా నిలవలేదు. సూపర్‌వైజర్ ఒకాయన బురదలో నడవడానికి ఒక జత పట్టుకుపోయాడు. మిగిలినవి ఎండకు పగిలిపోయాయి. పెట్టెలు దించేవాళ్లంతా చుట్టుపక్కల అడవి ఊళ్లవాళ్లు, వాళ్లు బూట్లే ఎరగరు. బూట్లు లేని కాళ్లకు బూట్ల తొడుగు ఏంది అని నవ్వేవాళ్లు. అది సబబైన ప్రశ్నే. కానీ పగిలిన మడమల్లో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి, రాయి మీద రాయి గీసుకున్నా ప్రమాదమే అని మా ఆయన వాళ్లకు విడమర్చి చెప్పేవాడు. వాళ్లు ఆయన మాట కాదనలేక వేసుకునేవాళ్లు.

తర్వాత ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చి, గుడ్డతోనైనా సరే కుట్టించండి అన్నాడు. మా ఇంట్లో చేతిమిషను ఉందని అందరికీ తెలుసు. అలా ఆ పని నాకు వచ్చింది. డేరాలకు వాడే దళసరి గుడ్డ ఇచ్చారు. అడుగు భాగం రెండు పొరలు, మడమ దగ్గర ఇంకో పొర. చీలమండ దగ్గర బిగించడానికి నూలు టేపు. హుక్కు ఉండకూడదు, ప్రెస్ బటన్ ఉండకూడదు, లేసు వేసే కన్నాలకు రేకు వలయాలు ఉండకూడదు. కుట్టేటప్పుడు సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా ఆ గుడ్డ ఇల్లు దాటేది కాదు. కొత్త జత తయారైతే ఆయన పాత రేడియో స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని దాని మీద అంతటా తిప్పి చూసేవాడు. అప్పుడు గానీ సంచిలో వేసుకునేవాడు కాదు. కూలీలు వాటికి కాలి సంచులు అని పేరు పెట్టారు. నాకూ ఆ పేరే బాగుందనిపించింది. అడవి ఊరి ఆడవాళ్లు కొందరు అచ్చం అలాంటివే కుట్టివ్వమని అడిగారు, ఇప్పపువ్వు ఏరుకుని వేసుకోవడానికి బాగుంటాయట.

ఇంక మా అత్తమ్మ సంగతి. ఆమె ఇనుము మనిషి. ఇనుములా గట్టిది అని కాదు నేను చెప్పేది. ఆమెకు ఇనుము మీద నమ్మకం. బాలింత మంచం కింద కొడవలి పెట్టాలి. ఉయ్యాల కింద ఇనుప ముక్క ఉండాలి. చీకటి పడ్డాక వండిన కూర ఇంకో ఇంటికి పంపితే గిన్నెలో ఒక మేకు వేసి పంపాలి. ఇనుము ఉన్న చోటికి ఏ పీడా రాదు. మా మధిర వైపు కూడా ఇవన్నీ ఉన్నాయి. కాకపోతే మా వాళ్లు చేసి మరిచిపోతారు, ఆమె మరిచిపోదు. మామయ్య బావి తవ్వేచోట మందు పేలి చనిపోయాడు. మా ఆయన అప్పటికి పలకాబలపం పట్టే వయసులో ఉన్నాడు. ఆ నెలలోనే ఆమె గుర్రపు నాడాతో ఉంగరం చేయించి కొడుకు వేలికి తొడిగింది. వేలు పెరిగినప్పుడల్లా కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి సాగగొట్టించేదట.

మందుగది ఉద్యోగంలో చేరిన రోజు ఆయన ఆ ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టాడు. అత్తమ్మకు అది మింగుడు పడలేదు. మొగుణ్ని తీసుకుపోయిన ఆ మందు దగ్గరికే కొడుకు రోజూ పోతున్నాడు, అదీ ఒంటి మీద ఇనుము ముక్క లేకుండా. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు రూల్ అర్థం కాలేదు అనుకునేదాన్ని. ఇప్పుడాలోచిస్తే అర్థమయ్యే ఉంటుంది, నమ్మబుద్ధి కాలేదంతే. రోజూ కొడుకు వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, కంచె మలుపు దాటేదాకా చూసేది. నాకు అది చిరాకు తెప్పించేది. పోయే మనిషి వెనక అలా చూస్తూ నిలబడితే నాకూ భయం పుడుతుంది కదా. ఆ మాట ఆమెతో చాలాసార్లు అన్నాను.

ఒక ఏడు ఎండాకాలం మొదట్లో క్వారీలో ఒక కూలీ మీద రాయి దొర్లి చెయ్యి విరిగింది. మందుకూ దానికీ సంబంధం లేదు. కానీ అప్పటి నుంచి అత్తమ్మకు నిద్ర పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీసేది. నేను మా చెల్లెలి పెళ్లి పనులకని మధిర వెళ్లి కొన్నాళ్లుండి వచ్చాను. వచ్చేసరికి ఆమె తేరుకుని ఉంది. మాట్లాడుతోంది, తింటోంది. కొడుకు వెళ్లేటప్పుడు గుమ్మంలోకి కూడా రావడం లేదు. నాకు సంతోషం వేసింది. మధిరలో ఉన్నప్పుడు ఆమె గురించి చెల్లెలి దగ్గర వెళ్లగక్కిన మాటలకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

అది జరిగి చాలా రోజులయ్యాక, ఒక శుక్రవారం పొద్దున ఇల్లు కడిగి దేవుడి గూడు తుడుస్తున్నాను. ఉంగరం లేదు. కుంకుమ భరిణె వెనక చూశాను, పటాల వెనక చూశాను. ఎలుక లాక్కుపోయిందేమో అనుకున్నాను. అత్తమ్మ వాకిట్లో పందిరి కింద చింతపండులో గింజలు తీస్తోంది. ఉంగరం కనపడటం లేదని చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"యాడికి పోతది. వాని కాడనే ఉంది" అంది.

మందుగదిలోకి ఉంగరం పెట్టుకుపోనివ్వరు కదా, వేలికి ఎలా పెట్టుకున్నాడని అడిగాను. వేలికి కాదంది. మరెక్కడ అన్నాను. ఆమె ఇంకో గింజ తీసి చేటలో పడేసింది. అప్పుడు చెప్పింది. నేను మధిర వెళ్లినప్పుడు ఆయన కాలి సంచులు ఉతకడానికీ, టేపు ఊడితే కుట్టడానికీ ఇంటికి వచ్చాయి. ఆమె ఉంగరాన్ని కారేపల్లి సంతలో కమ్మరి దగ్గరికి పట్టుకుపోయి, సాగగొట్టించి, వేలిగోరంత రేకు చేయించింది. ఎడమ సంచి మడమ కుట్టు విప్పి, పొరల మధ్య దాన్ని పెట్టి, చేత్తో మళ్లీ కుట్టేసింది.

"నీ కుట్టు లెక్కనే కుట్టిన. వానికి గూడ తెల్వలే" అంది. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

కొత్త జతలకే అయస్కాంతం తిప్పుతాడు ఆయన. ఉతికి వచ్చినవాటికి తిప్పడు. ఇంట్లోంచి వచ్చిన వాటిని ఎందుకు అనుమానిస్తాడు? ఎన్ని రోజులుగా ఆ ఇనుము వేసుకుని ఆ గదిలో తిరుగుతున్నాడో. ఆ రోజు మందుసామాను లారీ వచ్చింది. పొద్దున ఎర్రజెండా కట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయింది. అంటే ఈ పూటంతా ఆయన గదిలోనే ఉంటాడు, బరువు మోస్తూ, నేలకు కాళ్లీడుస్తూ. గుడ్డ ఎక్కడ అరుగుతుందో కుట్టినదాన్ని నాకు తెలుసు. ముందు మడమే అరుగుతుంది.

అత్తమ్మను ఏమన్నానో గుర్తులేదు. ఏదో చాలా పెద్ద మాట అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి లేవబోయింది, నేను అప్పటికే వాకిలి దాటాను.

కంచెదాకా బండిబాట. రెండు పక్కలా టేకుచెట్లు ఆకు రాల్చి ఎండిపోయి ఉన్నాయి. బీడీల తునికాకు కోత రోజులు, ఊళ్లవాళ్లంతా అడవిలో ఉన్నారు, బాట మీద పురుగు లేదు. నా చెప్పులు టైరువి, అడుగున మేకులున్నవి. సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది. వాటితో నన్ను కంచె దాటనివ్వరు, విప్పుతూ కూర్చుంటే ఆలస్యం. అక్కడే విదిల్చేసి ఉరికాను. నేల కాలిపోతోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె మీద, ఆయన మీద, ఆ ఉద్యోగం మీద, పెళ్లిచూపుల్లో స్టోరు అని చెప్పిన పెద్దమనిషి మీద. ప్రతి అడుగుకీ చెవులు రిక్కించి వింటున్నాను. ఏమీ వినపడకపోవడమే నాకు కావలసింది. అంత నిశ్శబ్దాన్ని నేను ఎప్పుడూ అంతగా కోరుకోలేదు.

గేటు దగ్గర కాపలా ముసలాయన ఉన్నాడు. అడవి ఊరి మనిషి, నన్ను ఎరుగును. లారీ మట్టికట్ట బయట ఆగి ఉంది. లోపల పెట్టెలు దిగుతున్నాయి. నేను గేటు తొయ్యబోతే ఆయన కర్ర అడ్డం పెట్టాడు.

"సామాను దిగుతాంది బిడ్డా. ఇప్పుడు పోవద్దు."

మా ఆయన కాలి సంచిలో ఇనుముందని చెప్పాను. ముసలాయన తన భాషలో ఏదో గొణుక్కుని కర్ర దించాడు. నాకు ఒక్క కేక వేయాలనిపించింది. ఇక్కడి నుంచి అరిస్తే మా ఆయనకు వినపడుతుంది. కానీ ఆ గదిలో ఎవరూ అరవకూడదు, ఉరకకూడదు. భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో ఆయన. కేక వింటే మనిషి ఉలిక్కిపడతాడు, చేతిలో పెట్టె ఉంటుంది, గిరుక్కున మడమ మీదే తిరుగుతాడు. నేను నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోవడం నాకు అంత కష్టమైంది అప్పుడే.

ముసలాయన చెయ్యి చాపాడు. ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసులు తీశాను. జడలో పిన్నులు తీశాను. జాకెట్టు పిన్నీసు వేళ్లకు చిక్కలేదు, లాగితే గుడ్డ చిరిగింది. మెట్టెల వైపు చూశాడు. వెండివి అన్నాను. ఆయన ఆలోచిస్తూ నిలబడ్డాడు, అవి వెండివి అని ఇంకోసారి గట్టిగా అన్నాను. సరేనని, చెక్కపెట్టెలోంచి ఒక జత కాలి సంచులు తీసిచ్చాడు. నేను కుట్టినవే. కాలిపోయిన పాదాలకు ఇసుక అంటుకుని ఉంది, పైట చెంగుతో తుడుచుకుని తొడుక్కున్నాను. టేపు ముడి వేయడానికి చేతులు రావడం లేదు. ముసలాయన వంగి రెండో కాలిది ఆయనే కట్టాడు.

మట్టికట్ట చుట్టి నడిచాను. నడిచాను, ఉరకలేదు. గది తలుపు తీసి ఉంది. బయటి ఎండలోంచి చూస్తే లోపల ముందు ఏమీ కనపడలేదు. తర్వాత గోడ వారగా పేర్చిన పెట్టెలు కనిపించాయి. మా ఆయన, ఒక కూలీ, తాడు పిడులున్న పెట్టెను చెరో పక్క పట్టుకుని కొత్తవాటికి చోటు చేయడానికి తలుపు వైపు జరుపుతున్నారు. ఆయన వెనక్కి నడుస్తున్నాడు. అంటే మడమల మీద. ఇంకో కూలీ మూలన పెట్టెలు సర్దుతున్నాడు. నేల మీద రబ్బరు పట్టా పరిచి ఉంది గానీ, తలుపు దగ్గర అది చిరిగి సిమెంటు బయటపడింది. ఆయన ఆ చిరుగు వైపే వస్తున్నాడు.

"ఏమండీ" అన్నాను, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "అక్కడే ఆగండి. కాలు కదపకండి. పెట్టె అతనికిచ్చేయండి."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. మొహం కందిపోయింది. ఆడవాళ్లు రాకూడని చోటికి వచ్చానని కోపం. నోరు తెరిచాడు.

"మీ ఎడమ మడమలో ఇనుముంది" అన్నాను.

మామూలుగా ఆయన ప్రతిదానికీ ఎందుకు, ఎట్ల అని అడిగే మనిషి. అప్పుడు ఏమీ అడగలేదు. మూలనున్న కూలీకి కళ్లతో సైగ చేశాడు. అతను వచ్చి ఆయన పక్క తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ పెట్టెను పట్టా మీద మెల్లగా దించారు. ఆయన మాత్రం ఉన్నచోటే చేతులు పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు.

"నేలకు గీరుకోవద్దు" అన్నాడు చాలా తక్కువ గొంతుతో. "నేను పైకి లేపుత. నువ్వు విప్పు."

నేను ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన నా భుజం పట్టుకుని ఎడమ కాలు నిటారుగా పైకెత్తాడు. ఆ పట్టుకు భుజం మీద వేళ్లు నాటుకుపోయాయి. టేపుకు ఆయన ఎప్పుడూ రెండు ముళ్లు వేస్తాడు, జాగ్రత్త మనిషి కదా. చెమటకు తడిసి అవి బిగుసుకున్నాయి. గోళ్లతో రాలేదు, తల వంచి పళ్లతో విప్పాను. నోటికి మట్టి, ఇంకేదో చేదు తగిలాయి. సంచి ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన ఉత్త పాదం పట్టా మీద ఆనించాడు.

సంచి తిరగేసి చూశాను. మడమ దగ్గర పై పొర అరిగి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి ఇనుము కనపడుతోంది. అది తుప్పు పట్టిన నల్లటి ముక్కలా లేదు. అరిగి, సాన పట్టినట్టు తళతళలాడుతోంది. అంటే అది ఈ రోజు బయటపడింది కాదు. ఎన్ని రోజులుగానో ఆ సిమెంటుకు రాసుకుంటూనే ఉంది.

ఆయనా చూశాడు. నలుగురం ఒకరి వెనక ఒకరు బయటికి నడిచాం. గేటు దాటి లారీ నీడలో కూలబడ్డాక ఆయనకు వణుకు పట్టుకుంది. పళ్లు టకటకలాడుతున్నాయి, అంత ఎండలో. కూలీల్లో ఒకతను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అందరి ముందూ. అంతవరకూ ఆయన మీద నాకు ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు. పెద్దవాళ్లు కుదిర్చిన పెళ్లి, ఏదో నడుస్తోంది అనుకునేదాన్ని.

ఎవరు పెట్టారో చెప్పాను. ఆయన తల ఊపాడంతే. తర్వాత లేచి మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఇనుము మా ఇంట్లోంచే వచ్చిందని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సామాను దించడం ఆపేశారు. గదిని తడిగుడ్డలతో తుడిచారు, ఉన్న సంచులన్నీ విప్పి చూశారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాం. పోలేదు. ఆ తర్వాత మాత్రం కాలి సంచులు కంచె దాటి బయటికి రానివ్వలేదు, ఉతకడం కూడా అక్కడే. అడుగు ఒకే పొర ఉండాలన్నారు, లోపల ఏదీ దాగకుండా.

మేము ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. అత్తమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చింతపండు వాకిట్లో అలాగే ఉంది, కోళ్లు చేటలో గింజలు కెలుకుతున్నాయి. దారి పొడవునా నేను ఆమెతో అనాల్సిన మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆ మాటలు అని తీరాలి. ఇవాళ నన్ను ఎవరూ ఆపకూడదు. కొడుకు నడిచి రావడం చూసి ఆమె గుమ్మం పట్టుకుని లేచింది. ఆయన ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, జేబులోంచి ఆ రేకు తీసి ఆమె ముందు నేల మీద పెట్టాడు. మెరుస్తున్న వైపు పైకి వచ్చేలా పెట్టాడు.

కోప్పడలేదు. ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు, కూలీలకు విడమర్చి చెప్పినట్టే. ఇనుము రాయికి రాసుకుంటే రవ్వ పుడుతుంది, మందుకు ఆ రవ్వ చాలు. ఇన్నేళ్లలో అమ్మకు రూల్ చెప్పాడు గానీ, కారణం ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ ముందు మందు ఊసెత్తితే నాయిన గుర్తొస్తాడని ఆయన భయం. ఆమె రేకును వేలితో తాకి, నున్నగా ఉన్నచోట రాస్తూ కూర్చుంది. నేను నోరు తెరవబోతున్నాను.

"బాయిల గూడ గంతేనా?" అంది ఆమె.

మాకు అర్థం కాలేదు. ఆమె కొడుకు వైపు కాకుండా రేకు వైపే చూస్తూ చెప్పింది.

"మీ నాయిన ఆ దినం రాతిబొక్కల మందు కూరనీకె కర్ర పట్టుకొని పోతుండె. నేనే అడ్డం తిరిగిన. బాయిల దిగుతున్నవు, ఇనుము లేకుంట పోవద్దని కర్ర గుంజుకొని గడ్డపార చేతిల పెట్టిన."

నేను ఆయన మొహం చూశాను. ఆయన నావైపు చూడలేదు. ఇనుప గడ్డపారతో మందు కూరకూడదన్నది వాళ్లకు ట్రైనింగులో చెప్పే మొట్టమొదటి మాట. నాకూ తెలుసు, ఆయన నాకు చెప్పాడు కాబట్టి. నా నోటికొచ్చిన మాటలన్నీ అక్కడికక్కడే ఆగిపోయాయి.

"కాదమ్మా" అన్నాడు. "నాయినది గడ్డపార తోని కాదు. ఆ క్యాపు పాతది. కర్రతోని కూరినా పేలేదే."

"నిజమేనా?"

"అవ్."

ఆమె కొడుకును తేరిపార చూసింది. కన్నతల్లి, వాడి మొహంలో ఏది ఎక్కడుంటుందో తెలియనిది కాదు. తర్వాత నావైపు తిరిగింది. ఈ ఇంట్లో మొహమాటం లేని నోరు నాదొక్కటే. అన్నం మాడితే మాడిందని, చుట్టాలు వస్తే ఎప్పుడు పోతారని అడిగే నోరు. పొద్దున ఆమెను అనరాని మాట అన్నది కూడా ఆ నోరే. ఆమె నన్ను అడిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. వాడు నిజమే చెప్తున్నడా?"

నేను ఆ బావిని ఎప్పుడూ చూడలేదు. మందు ఎలా కూరుతారో కళ్లతో ఎరగను. పాదాలు బొబ్బలెక్కి మండుతున్నాయి, ఆమె మీద కోపం ఇంకా చల్లారనే లేదు.

"నిజమే అత్తమ్మా" అన్నాను. "క్యాపు పాతదైతే కర్రతో కూరినా పేలుతుంది."

ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఇంత అన్నం పెట్టమని అడిగింది.